సై అన్నవాళ్లు

స్టేషన్‌లో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అయినా సరోజమ్మను నేల మీదే కూర్చోబెట్టారు.

తబితా కూడా ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. పదకొండేళ్లు హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు వకీళ్ల తరఫున కేసుల్లో నిజానిజాలు వెతికిపెట్టే మనిషి ఆమె. ఈ కేసును వకీలు పాల్ రాజు ఆ ఉదయమే ఆమెకు అప్పగించాడు. ఉన్న గడువు ఒక్క రోజు. మర్నాడు పదిన్నరకు సరోజమ్మను హత్యలో భాగస్వామి అని కోర్టులో హాజరుపరుస్తారు.

"దుప్పటి ఆరేసింది మీరేనా పెద్దమ్మా?"

"నేనే పాపా. కాదని యాడ అంటి? మూడు దినాల నుంచి అదే చెప్తాండా."

సోమవారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులో కాశీవిశ్వనాథం నగల అంగడి వెనక గదిలో షాహుల్ అనే పనివాణ్ణి ఎవరో ఇనుప కడ్డీతో తల మీద కొట్టారు. పెళ్లిళ్లకు సిద్ధమైన నగలన్నీ ఎత్తుకుపోయారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గదిలోనే నగలకు మెరుగు పెడుతున్న షాహుల్ మంగళవారం తెల్లవారకముందే ఆసుపత్రిలో కన్నుమూశాడు. వెనక సందులో ఉన్నది ఒకే కెమెరా. 2:06కు పైనుంచి ఒక దుప్పటి జారి దానికి అడ్డం పడింది. 2:31కి తొలగింది. ఆ మధ్యలో కెమెరా చూసింది తెల్లటి గుడ్డను మాత్రమే. కెమెరా బిగించిన గోడకు సరిగ్గా పైన మిద్దెలో అద్దెకుంటున్నది సరోజమ్మ. బడిలో మధ్యాహ్న భోజనం వండి ఒకటిన్నరకు ఇల్లు చేరుతుంది.

"ఆ టైముకే ఎందుకు ఆరేశారు?"

"సై చెప్పింది మ్మా. ఫోన్లో యాప్ అది. మా పొదుపు సంఘంలో అందరికీ ఉండాది. దినానికొక ఛాలెంజి ఇస్తాది. సై అని నొక్కితే చేయాల. చేసి ఫోటో పెడితే దుడ్లు పడతాయి."

"ఏమేం చేయించింది?"

"ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగమన్యాది. తాగినా. మిద్దె మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగమన్యాది. మోకాళ్లు పట్టుకున్యా ఎక్కినా. పక్కింటామెకు ఒక మంచి మాట చెప్పమన్యాది. అదీ చెప్పినా. సోమవారం పెద్ద దుప్పటి ఉతికి, సందు పక్క కమ్మీల మీద రెండు దాటినాక ఆరేసి, రెండున్నర దాకా తీయొద్దన్యాది. అదీ చేస్తి." ఆమె తన చేతులు చూసుకుంది. "దుప్పటి ఉతికితే మనిషి సచ్చిపోతాడా పాపా?"

తబితా జవాబు చెప్పేలోపు వెనక నుంచి గొంతు వినిపించింది.

"కథ బాగుందా తబితా?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మనోహర్. ఒకప్పుడు తబితా అతని కిందే పనిచేసింది. ఉద్యోగం వదిలేయడానికి అతనే సగం కారణం.

"ఆమె ఫోను తీసి చూసినాం. ఛాలెంజి లేదు, గీలెంజి లేదు. ఒక్క ముక్క కూడా లేదు."

"చేసిన మర్నాడు చెరిగిపోతాదంట కదా సార్."

"చెరిగిపోయిందాన్ని కోర్టులో ఎట్లా చూపిస్తావు? ఆమె ఖాతాలో పడిన నూటయాభై మాత్రం చెరగలేదు. కెమెరాకు గుడ్డ కప్పినందుకు కూలి."

"హత్యకు సాయం చేయడానికి నూటయాభయ్యా?"

"వీళ్లకు అంత చాలు."

"వీళ్లంటే ఎవరు సార్?"

మనోహర్ బల్ల మీది ఫైలు అందుకున్నాడు. "వెనక తలుపు పగల్లేదు. గడియ లోపలి నుంచి తీసుండాది. తీసింది షాహుల్. దొంగను పిలిచింది వాడే. పంచుకునే కాడ తేడా వచ్చి దెబ్బ తిన్యాడు. కెమెరా సంగతి ఈమె చూసుకున్యాది. కేసు ఇంతే."

"షాహుల్‌ను మట్టి చేసి మూడు దినాలు కాలేదు. ఆయన భార్య అఖ్తర్ బీ ఇద్దత్‌లో, మొగుడు పోయినామె గడప దాటని దినాల్లో కూర్చోనుంది. పోయి ఆమె మొగం చూసి చెప్పగలరా, నీ మొగుడు దొంగ అని?"

"చచ్చినోళ్లంతా మంచోళ్లు కాదు."

"2:08కి అంగడి యజమాని కాశీవిశ్వనాథం శెట్టిగారికి ఫోన్ చేసి, ఆయన్ను అంగడి బయట పదకొండు నిమిషాలు నిలబెట్టింది ఎవరు?"

"ఎవరో గిరాకీ. ఫోన్ చేయడం నేరమా?"

"దుప్పటి ఆరేయడం నేరమైంది కదా. ఆ నంబరు చూసినారా?"

"నాకు పని నేర్పించొద్దు."

చూడలేదని తబితాకు అర్థమైంది. మూడు రోజులు ఒక ముసలామెను పొద్దున పిలిచి సాయంత్రం పంపడానికి తీరిక దొరికింది కానీ, ఒక ఫోను తెరిచి నంబరు చూడడానికి దొరకలేదు. తబితా లేచి, గోడ పక్కనున్న కుర్చీని లాక్కొచ్చి వేసింది.

"లేచి దీని మీద కూర్చోండి పెద్దమ్మా."

వాకిట్లో ఉన్న కానిస్టేబుల్ సీఐ వంక చూశాడు. మనోహర్ ఫైలు తిప్పుతున్నట్టు తల వంచుకున్నాడు. సరోజమ్మ కుర్చీ అంచున భయంగా కూర్చుంది.

*

నగల అంగడి వెనక గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. తబితా వెళ్లేసరికి పన్నెండు కావస్తోంది. డెబ్బై రెండేళ్ల కాశీవిశ్వనాథం తాళం తీసి, తాను మాత్రం గడప దాటకుండా బయటే నిలబడ్డాడు.

"పోలీసులు ఫోటోలు తీసుకోని పోయినాక ఊడ్పిచ్చినా మ్మా. ఆ రక్తం చూడలేకపోయినా."

మెరుగు పెట్టే బల్ల నుంచి వెనక తలుపుకు నాలుగు అడుగులు. తలుపు దగ్గర నేలను తబితా చేత్తో తడిమింది. బల్ల కాలికీ గోడకీ మధ్య, చీపురు పోని మూలలో ఏదో తగిలింది. బయటికి తీసింది. మందపాటి గాజు. పగిలిన టీ గ్లాసు అడుగు.

"ఇదేంది శెట్టిగారూ?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "టీ గ్లాసు. దినమూ రెండూ పదికి వెనక వాకిలికి టీ తెస్తారు. షాహుల్ ముందు దినం గ్లాసు కడిగి పెట్టుకోనుంటాడు. తలుపు తట్టంగానే తీసి, అది ఇచ్చి ఇది తీసుకుంటాడు."

గాజుముక్క లోపలి వైపు తబితా వేలితో రాసి చూసింది. శుభ్రంగా ఉంది. టీ మరక లేదు, పంచదార జిగట లేదు. కడిగిన గ్లాసు అది. షాహుల్ చేతిలో ఉండగా పడి పగిలింది. దొంగతో చేతులు కలిపినవాడు వాడికి తలుపు తీయడానికి కడిగిన గ్లాసు పట్టుకుని వెళ్లడు. పాపం, అతను టీ కోసం తలుపు తీశాడు. ఆ మాట చెప్పేసరికి శెట్టి గోడను పట్టుకున్నాడు.

"నా మనసుకు తెలుసు మ్మా. అయినా ఆ సీఐ అట్ల అంటాంటే నోరు లేవలా."

"సోమవారం టీ వచ్చిందా?"

"రెండూ ఇరవై అయిదుకు వచ్చింది. సందు మొదట్లో రెండూ నాలుగుకే ఎవుడో ఆటో అడ్డం పెట్టి కదల్లేదంట. టీ బండి దూరలేదు. జమ్మలమడుగు ఆటో. వెనక ఇమ్తియాజ్ అని రాసుందంట."

తబితా పుస్తకంలో రాసుకుంది. 2:04కు ఆటో. 2:06కు దుప్పటి. 2:08కి ఫోను. 2:10కి తలుపు చప్పుడు. రెండేసి నిమిషాల తేడాతో నాలుగు పనులు. అందులో మూడు ఏ పాపమూ లేనివి.

"శెట్టిగారూ, రెండూ పదికి టీ వస్తుంది. లోపల సిగ్నల్ అందదు కాబట్టి ఫోనొస్తే మీరు ముందర మెట్ల మీదికి పోతారు. ఈ రెండూ బయటోళ్లకు ఎట్లా తెలుసు?"

శెట్టి కళ్లద్దాలు తీసి పంచెతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"నేనే రాసిచ్చినా."

"ఎవరికి?"

"సైకి."

తబితా పుస్తకంలో రాయడం ఆపింది.

"దుడ్ల కోసం కాదు మ్మా. నాకేం తక్కువ? దినమూ శభాష్ విశ్వనాథం గారూ అంటాది. ఇంట్లో ఆ మాట అనేవాళ్లు ఎవురుండారు? ఒక దినం ఛాలెంజి ఇచ్చినాది. మీ దినచర్య గంట గంటకూ రాయండి, క్రమశిక్షణ గలవాళ్లకు బహుమతి అని. నిమిషాలతో సహా రాసినా. టీ సంగతి రాసినా. ఫోను సంగతి రాసినా. వెనక గదిలో షాహుల్ ఒక్కడే ఉంటాడని కూడా రాసినా." ఆయన ఖాళీ బల్ల వంక చూశాడు. "నా చేత్తో రాసినా మ్మా."

"పోలీసులకు చెప్పినారా?"

"సిగ్గయింది."

ఆయన సిగ్గు ఖరీదు ఒక చనిపోయిన మనిషి పరువు, ఒక ముసలామె స్వేచ్ఛ. ఆ మాట తబితా నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది.

"ఈ సాయంత్రమే వకీలు పాల్ రాజు కాడికి పోయి ఇదంతా చెప్పాల. ఇప్పుడు మీ ఫోను ఇయ్యండి."

సోమవారం 2:08కి వచ్చిన నంబరు అందులో అలాగే ఉంది.

*

జమ్మలమడుగు ఆటో స్టాండులో ఇమ్తియాజ్‌ను పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ముప్పై ఏళ్లు దాటని మనిషి. షాహుల్ పేరు వినగానే అన్నం డబ్బా మూత పెట్టేశాడు.

"సైలో వచ్చినాది. నువ్వు దినమూ ఉరుకులాడే మనిషివి, ఈ పొద్దు పదిహేను నిమిషాలు ఆగు అన్యాదక్కా. ఫలానా సందు మొగదల బండి ఆపి, ఇంజన్ ఆపి, కండ్లు మూసుకో అన్యాది. మనశ్శాంతి ఛాలెంజ్ అంట."

"ఆ సందే ఎందుకు అనుకోలేదా అప్పా?"

"నీడ ఉంటాదేమో అనుకుంటి."

"టీ ఆయన హారన్ కొట్టలేదా?"

"కొట్టినాడు. తిట్టినాడు." అతను తల వంచుకున్నాడు. "కండ్లు తెరిస్తే ఛాలెంజ్ పోతాది. కదల్లా. నేను బండి పక్కకు తీసింటే టీ ఆయన ముందే పోయుండు కదక్కా. ఇద్దరు మనుషులుండే కాడ ఆ దొంగలు చెయ్యి ఎత్తుండరు. షాహుల్ భాయ్ ఇప్పుడు అన్నం తింటాండు."

అతని ఫోన్లోనూ ఛాలెంజ్ చెరిగిపోయింది. మిగిలింది అతని నోటి మాటే.

"రేపు కోర్టులో ఇదే చెప్తావా?"

"నన్నూ లోపలేస్తారా?"

"వెయ్యొచ్చు. అబద్ధం చెప్పను."

ఇమ్తియాజ్ చాలాసేపు తన ఆటో వంక చూశాడు. "చెప్తాక్కా," అన్నాడు.

తబితా అక్కడినుంచే శెట్టి ఫోన్లో దొరికిన నంబరుకు కాల్ చేసింది. ఒక ఆడ గొంతు హుషారుగా పలికింది. ఆమె పులివెందులలో కంప్యూటర్ లెక్చరరట. సై గురించి అనగానే సంతోషపడింది. కాలేజీ అయ్యాక నాలుగున్నరకు ఇంటికి రమ్మని అడ్రసు చెప్పింది. తబితా ముద్దనూరు మీదుగా పోయే బస్సు ఎక్కింది.

*

ఆమె పేరు అమూల్య. తలుపు తీస్తూనే మంచినీళ్లిచ్చింది.

"మీరూ సై చేస్తాండారా మేడమ్? నాది నలభైరెండో రోజు. ఛాలెంజ్‌లు చెరిగిపోతాయి కదా, నేను మాత్రం రోజూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటా. అన్నీ ఉన్నాయి, చూడండి."

తబితా చేతిలో గ్లాసు ఆగిపోయింది. రోజంతా వెతికింది ఇదే. అమూల్య వేలితో జరుపుతూ సోమవారం దగ్గర ఆగింది. తబితా చదివింది. కొత్త పరిచయం ఛాలెంజ్. ఈ నంబరులో ఒక నగల అంగడి పెద్దాయన ఉంటారు. 2:08కి ఫోన్ చేయండి. పాతకాలం నగల గురించి అడగండి. పది నిమిషాలకు తగ్గకుండా మాట్లాడించండి.

కింద శెట్టి నంబరు. పైన తేదీ, సమయం. చెరగని సాక్ష్యం.

"శానా మంచి పెద్దాయన మేడమ్. కాసుల పేరు ఎట్లా అల్లుతారో ఎంత ఓపికగా చెప్పినాడో."

ఆ పిల్ల ముఖంలో కల్మషం లేదు. తబితా కళ్లు తిప్పుకుంది. అప్పుడు కనిపించింది గోడ మీది పెళ్లి ఫోటో. అమూల్య పక్కన నవ్వుతూ నిలబడ్డవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మనోహర్.

"మీ ఆయనా?"

"అవును. ప్రొద్దుటూరులో డ్యూటీ. ఆదివారం వస్తాడు. ఈ యాప్ సంగతి చెప్పలేదు, తిడతాడని."

తబితా గ్లాసు కింద పెట్టింది. దాచకుండా, కల్పించకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. షాహుల్ గురించి, కడిగిన గ్లాసు గురించి, నేల మీద కూర్చున్న సరోజమ్మ గురించి. వింటున్నకొద్దీ అమూల్య ముఖంలో రక్తం తగ్గిపోయింది. చివరికి ఆమె తనే ఫోను తీసి భర్తకు కాల్ చేసి స్పీకర్ పెట్టింది. ఏడుస్తూనే రెండు ముక్కల్లో చెప్పేసింది.

మనోహర్ మొదట అడిగింది ఒక్కటే.

"తబితా అక్కడే ఉందా?"

"ఉన్నా సార్."

"అమూల్యకేమీ తెలీదు. ఎవడో చెప్తే ఫోన్ చేసింది. దానికీ హత్యకూ ఏం సంబంధం?"

"మీ ముందర కూర్చోనున్న సరోజమ్మ మూడు దినాలుగా ఇదే మాట చెప్తాండాది సార్. ఆమె చెప్తే కథ. మీ ఇంట్లో చెప్తే నిజమా?"

"అమూల్యా, ఆ ఫోటోలన్నీ తీసేయ్. యాప్ కూడా తీసేయ్. ఇప్పుడే. మిగతాది నేను చూసుకుంటా."

తబితా నోరు తెరవబోయింది. అమూల్య చెయ్యెత్తి ఆపింది. కళ్లు తుడుచుకుంది.

"తీసేయను. ఆమెకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఆమె తప్పు చేసింటే నేనూ చేసినా. ఆమెను కోర్టుకు తీసుకుపోతాండావంటే పక్కన నన్నూ నిలబెట్టు."

"నీకు అర్థం కావట్లా..."

"నీకే అర్థం కాలా. రేపటి ఛాలెంజ్ కూడా ఉండాది నా ఫోన్లో. ఈ పొద్దు మధ్యాహ్నమే వచ్చింది. సై కొట్టేసినా. రేపు మధ్యాహ్నం 2:08కి ఇంకో నంబరుకు ఫోన్ చేయాల. పది నిమిషాలు మాట్లాడించాల. దీన్ని కూడా తీసేయమంటావా?"

ఈసారి మనోహర్ గొంతు వేరేగా వచ్చింది. అధికారి గొంతు కాదది.

"నంబరు చదువు."

అమూల్య చదువుతోంది. తబితా అప్పటికే తన ఫోనులో ఆ అంకెలు నొక్కుతోంది. రేపటిదాకా ఆగడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు. నాలుగో రింగుకు ఒక స్త్రీ పలికింది.

"జమ్మలమడుగు. ఫర్జానా వెండి పట్టీల అంగడి. చెప్పండి."

"అమ్మా, రేపు మధ్యాహ్నం రెండుకు అంగడి తెరిచే ఉంటారా?" తబితా తన పేరు చెప్పకుండానే అడిగింది.

"ఉంటా. యాడికి పోతా? నేనొక్కదాన్నే కదా చూసుకునేది." ఆమె చిన్నగా నవ్వింది. "ఏంది, ఈ పొద్దు అందరూ ఇదే అడుగుతాండారు?"

తబితా లేచి నిలబడింది.

"ఇంకెవరు అడిగినారమ్మా?"

"ఇందాక ఒకాయన వచ్చినాడు. రేపు రెండుకు ఉంటావా, వెనక వాకిలి కూడా తీసుంటాదా అని అడిగినాడు. పట్టీలు చూస్తా ఈడనే కూర్చోనుండాడు." ఫర్జానా గొంతు కాస్త దూరమైంది. ఎవరితోనో మాట్లాడుతోంది. "ఏమప్పా, ఏం గావాల? ఫోను నీకియ్యాల్నా?"

ఎవరో ఫోను అందుకున్న చప్పుడు వినిపించింది. ఒక మగ గొంతు, చాలా మర్యాదగా, నెమ్మదిగా పలికింది.

"చెప్పండి తబితా గారూ."